'నిరాశగా' అని ఇంగ్లీషులో రాయాలంటే ఏ నిఘంటువు పనికొస్తుంది?

ఇంగ్లీషు నిఘంటువు సత్తా తేల్చడానికి అరుదైన మాటలు వెతకనక్కర్లేదు. డెస్పరేట్లీ, హోప్‌లెస్లీ, డిస్పేరింగ్లీ అనే మూడు క్రియావిశేషణాలు కొట్టి చూస్తే చాలు. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువుల్లో ఈ మూడింటికీ సాధారణంగా కనిపించే అర్థం ఒక్కటే: నిరాశగా, నిస్పృహతో. దాన్ని నమ్ముకుని వాక్యం రాస్తే తప్పు జరిగే అవకాశమే ఎక్కువ. ఈ మాటల మధ్య తేడా అర్థంలో కొంతే ఉంది, మిగతాదంతా అవి ఏ మాట పక్కన కుదురుతాయన్న దాంట్లో ఉంది. కాబట్టి ఆ పక్కమాటను చూపించే సాధనమే మనకు పనికొచ్చేది. ఇంటర్నెట్‌లో డబ్బు కట్టకుండా వాడుకోగలిగే వాటిని ఈ ఒక్క కొలబద్దతో చూద్దాం.

కొలబద్ద ఏమిటో ముందు తెలియాలి. ఒక మనిషి, ఒక తాళం, మూడు వాక్యాలు:

"హీ లుక్డ్ డెస్పరేట్లీ ఫర్ ద కీ." తాళంచెవి కోసం ఆదరాబాదరాగా వెతుకుతున్నాడు. దొరుకుతుందన్న ఆశ ఇంకా చావలేదు.

"హీ లుక్డ్ డిస్పేరింగ్లీ ఎట్ ద లాక్." వెతకడం అయిపోయింది. తాళం వైపు చూస్తూ నిలబడ్డాడు, ఇక చేసేదేం లేదని చూపులోనే తెలుస్తోంది.

"ద లాక్ వాజ్ హోప్‌లెస్లీ జామ్డ్." ఇక్కడ మనిషి మనసు ప్రసక్తే లేదు. తాళం బిగుసుకుపోయింది, ఏం చేసినా రాదు.

డిస్పేరింగ్లీ పరిధి చాలా చిన్నది. చూపు, మాట, నిట్టూర్పు, తల ఊపడం, చేతులు పైకెత్తడం లాంటి పైకి కనిపించే పనులకే అది అతుకుతుంది. లుక్, గేజ్, సే, ఆస్క్, సై వంటి క్రియలతో బాగుంటుంది, మిగతా చోట్ల అరుదు. 'విపరీతంగా' అనే అర్థంలో అది అసలు రాదు. జబ్బు తీవ్రంగా ఉందనడానికి "డెస్పరేట్లీ ఇల్" అంటారు, "డిస్పేరింగ్లీ ఇల్" అనరు.

డెస్పరేట్లీ రెండు ఉద్యోగాలు చేస్తుంది. ట్రై, సెర్చ్, ఫైట్, క్లింగ్ లాంటి క్రియలతో వచ్చినప్పుడు మునిగిపోతున్నవాడు చేతికందినదల్లా పట్టుకునే పెనుగులాట అది. నీడ్, వాంట్ అనే క్రియల ముందు, ఇల్, పూర్, లోన్లీ, షార్ట్ ఆఫ్ లాంటి మాటల ముందు వచ్చినప్పుడు ఉత్త తీవ్రత మాత్రమే. "ద టీమ్ డెస్పరేట్లీ నీడ్స్ ఎ బ్రేక్" అన్న వాక్యంలో నిరాశ లేదు, అవసరం ఉంది. దీన్ని 'నిరాశగా' అని తెలుగు చేస్తే అర్థమే మారిపోతుంది. ఇంకో సంగతి, తీవ్రతకు వాడినప్పుడు పక్కన ఎక్కువగా చెడ్డ సంగతులే వస్తాయి. "డెస్పరేట్లీ అన్‌హ్యాపీ" సహజం, "డెస్పరేట్లీ హ్యాపీ" చెవికి అడ్డం పడుతుంది. "డెస్పరేట్లీ కీన్", "డెస్పరేట్లీ ఇన్ లవ్" లాంటివి ఉన్నాయి కానీ వాటిలోనూ ఏదో ఆరాటం, ఏదో లోటు ధ్వనిస్తుంది.

హోప్‌లెస్లీ ఎక్కువగా పరిస్థితి గురించి చెబుతుంది: లాస్ట్, కన్‌ఫ్యూజ్డ్, అవుట్‌నంబర్డ్, ఇనాడిక్వేట్, అవుట్ ఆఫ్ డేట్. బాగుపడే దారి లేదని దాని భావం. "హీ ష్రగ్డ్ హోప్‌లెస్లీ" లాగా మనిషి తీరు చెప్పడానికీ వస్తుంది, కాకపోతే తక్కువ. "హోప్‌లెస్లీ ఇన్ లవ్" అంటే భగ్నప్రేమ కాదు, పీకల్లోతు ప్రేమ.

ఇక మనవాళ్ల తప్పుల్లో ఎక్కువ భాగం '-గా' అనే ప్రత్యయం దగ్గర పుడతాయి. 'ఆమె నిరాశగా చూసింది', 'ఆమె నిరాశగా కనిపించింది' అని రెండు చోట్లా మనకు ఒకే రూపం సరిపోతుంది. ఇంగ్లీషులో మొదటిది పని, కాబట్టి క్రియావిశేషణం: "షీ లుక్డ్ ఎట్ మీ డిస్పేరింగ్లీ." రెండోది ఆమె స్థితి, కాబట్టి విశేషణం: "షీ లుక్డ్ డిస్పాండెంట్." ఫీల్, సీమ్, సౌండ్ అనే క్రియలకూ ఇదే సూత్రం. "ఐ ఫీల్ హోప్‌లెస్లీ" అని ఆపేస్తే వాక్యం సగంలో తెగినట్టే, "ఐ ఫీల్ హోప్‌లెస్" అనాలి. అయితే "ఐ యామ్ హోప్‌లెస్" అంటే మాత్రం చాలాసార్లు 'నేను చేతకానివాణ్ణి' అని అర్థమవుతుంది. మంచి సాధనం ఈ మెలికను కూడా పట్టి చూపాలి.

కొలబద్ద ఇదీ. ఇప్పుడు సరుకు చూద్దాం.

ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీస్ సైటు మొదటగా చెప్పుకోదగ్గది. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ల కోసమే ఎ.ఎస్. హార్న్‌బీ తయారుచేసిన నిఘంటువు దీనికి మూలం. అది ముందు 1942లో జపాన్‌లో వచ్చింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ తన పేరుతో వేసింది. ఆ వంశలక్షణం ఇప్పటికీ పోలేదు. డెస్పరేట్లీ అని కొడితే పెనుగులాట అర్థాన్నీ, తీవ్రత అర్థాన్నీ, 'ఎంతగానో కావాలి' అనే అర్థాన్నీ విడివిడిగా అంకెలు వేసి, దేనికి దాని ఉదాహరణలు ఇస్తుంది. మనకు కావాల్సిన విభజన సరిగ్గా ఇదే. బ్రిటిష్, అమెరికన్ ఉచ్చారణలు రెండూ పక్కపక్కనే వినొచ్చు.

లోటు డిస్పేరింగ్లీ దగ్గర ఉంది. దానికి దక్కే చోటు చిన్నది, డిస్పేరింగ్ అనే విశేషణానికి తోకలా ఉంటుంది. అరుదైన '-లీ' మాటలన్నిటికీ ఈ నిఘంటువే కాదు, చాలా నిఘంటువులు ఇదే మర్యాద చేస్తాయి. అలాంటప్పుడు తోక దగ్గరే ఆగిపోకుండా పైన విశేషణానికి ఇచ్చిన జంటలు చదవాలి. డిస్పేరింగ్ పక్కన లుక్, క్రై, సై లాంటి నామవాచకాలు కనిపిస్తే, అవే క్రియలుగా మారి డిస్పేరింగ్లీ పక్కన కూర్చుంటాయి. "ఎ డిస్పేరింగ్ లుక్" నుంచి "లుక్డ్ డిస్పేరింగ్లీ" తయారవుతుంది. ఈ చిట్కా తెలిస్తే తోక మాటలతో సగం బాధ తీరుతుంది.

లాంగ్‌మన్ డిక్షనరీ ఆఫ్ కాంటెంపరరీ ఇంగ్లీష్ 1978లో మొదలైనప్పుడే ఒక నియమం పెట్టుకుంది. అర్థాలన్నీ సుమారు 2,000 తేలిక మాటలతోనే చెప్పాలి. అందుకే అర్థం చదవడానికి మళ్లీ ఇంకో మాట వెతుక్కునే అవస్థ ఉండదు. హోప్‌లెస్లీకి మాత్రం మా ఓటు దీనికే. తరచూ జంటగా వచ్చే మాటలను ఉదాహరణలకు ముందే ముద్దక్షరాల్లో చూపిస్తుంది కాబట్టి, ప్రేమకు వాడే హోప్‌లెస్లీ వేరు, దారి తప్పడానికి వాడే హోప్‌లెస్లీ వేరు అని ఒక్క చూపులో తెలిసిపోతుంది. పేజీ అడుగున కార్పస్ నుంచి, అంటే నిజంగా వాడిన వాక్యాలను పోగేసిన భాండాగారం నుంచి, తీసిన ఉదాహరణలు కూడా ఉంటాయి. అవి యంత్రం ఏరినవి, సందర్భం తెగి ఉంటాయి. పైన ఉన్న ఉదాహరణలకు ఇచ్చినంత విలువ వాటికి ఇవ్వకూడదు.

కొలిన్స్ సైటులో ఉన్న కోబిల్డ్ నిఘంటువు పద్ధతి పూర్తిగా వేరు. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ నడిపిన పనిలోంచి 1987లో వచ్చింది. అర్థాన్ని ముక్కగా చెప్పదు, పూర్తి వాక్యంగా చెబుతుంది. ఎవరైనా ఇలా ఉంటే వాళ్లు అలా చేస్తారన్నట్టు సాగుతుంది. దీనివల్ల కర్త మనిషా, వస్తువా, పరిస్థితా అన్నది అర్థంలోనే దొరుకుతుంది. డెస్పరేట్ కుటుంబానికి ఇది చాలా మేలు. చిక్కంతా పేజీ అమరికలో ఉంది. ఒకే పేజీలో కోబిల్డ్, బ్రిటిష్ ఇంగ్లీష్, అమెరికన్ ఇంగ్లీష్ అని వేర్వేరు నిఘంటువులు ఒకదాని కింద ఒకటి పేర్చి ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు కిందకి జారిపోయి, మాతృభాషీయుల కోసం రాసిన పొడి అర్థాన్ని చదివి ఏమీ అర్థం కాక వెనక్కి పోతారు. కోబిల్డ్ అన్న పేరు ఉన్న భాగం చదివితే చాలు.

మెరియమ్-వెబ్‌స్టర్ గొప్ప నిఘంటువే, ఈ పనికి కాదు. అది ఇంగ్లీషు వచ్చినవాళ్ల కోసం రాసింది. అక్కడా డిస్పేరింగ్లీకి దక్కేది తోక స్థానమే. మాట పుట్టుపూర్వోత్తరాలకు మాత్రం అక్కడికి వెళ్లొచ్చు. డిస్పేర్, డెస్పరేట్ రెండూ లాటిన్ 'డెస్పెరారే' నుంచే వచ్చాయి. 'స్పెరారే' అంటే ఆశించడం, 'డె' దాన్ని పోగొడుతుంది. మూలం ఒకటే కదా అని స్పెల్లింగ్ కూడా ఒకటే అనుకోవడంతో ఒక తప్పు విపరీతంగా కనిపిస్తుంది. డిస్పేర్‌లో పి తర్వాత ఎ-ఐ-ఆర్. డెస్పరేట్‌లో పి తర్వాత ఇ-ఆర్-ఎ-టి-ఇ. సెపరేట్‌లో పి తర్వాత ఎ ఉంటుంది కాబట్టి అదే అలవాటులో డెస్పరేట్‌కీ ఎ పెట్టేస్తారు.

పర్యాయపదకోశాల జోలికి వెళ్తే జాగ్రత్త. డిస్పాండెంట్లీ, ఫర్‌లార్న్లీ, డిజెక్టెడ్లీ, హోప్‌లెస్లీ అన్నీ ఒక వరుసలో కనిపిస్తాయి, దేన్ని తీసి దేని బదులు పెట్టినా ఫర్వాలేదన్నట్టు. డిజెక్టెడ్లీ అంటే మొహం వేలాడేసుకుని. ఓడిపోయిన ఆటగాడు మైదానం దాటి నడిచే తీరు. ఫర్‌లార్న్లీలో ఒంటరితనం ఉంది. పర్యాయపదకోశం మరిచిపోయిన మాటను గుర్తుచేయడానికి సరే, మాటను ఎంచుకోవడానికి కాదు.

అసలు విశేషం స్కెల్ అనే సైటు. కార్పస్‌లను వెతికే స్కెచ్ ఇంజిన్ అనే సాధనం వాళ్లు భాష నేర్చుకునేవాళ్ల కోసం పెట్టారు, లాగిన్ అడగదు. మాట కొట్టాక మూడు దారులు కనిపిస్తాయి: ఉదాహరణలు, వర్డ్ స్కెచ్, పోలిక మాటలు. ఉదాహరణల దగ్గర 40 వాక్యాల వరకు ఇస్తుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. వెళ్లాల్సింది వర్డ్ స్కెచ్‌లోకి. డెస్పరేట్లీ ఏ క్రియలను అంటిపెట్టుకుంటుంది, ఏ విశేషణాల ముందు వస్తుంది అన్నది అక్కడ జాబితాలుగా కనిపిస్తుంది. ఒక మాట మీద నొక్కితే ఆ జంట ఉన్న వాక్యాలు వస్తాయి.

దీన్ని వాడే క్రమం ఇలా పెట్టుకుంటే పని జరుగుతుంది. ముందు మీ వాక్యంలో ఉన్న క్రియను, ఉదాహరణకు క్లింగ్‌ను, స్కెచ్‌లో చూడండి. దాన్ని వర్ణించే క్రియావిశేషణాల్లో మీరు అనుకున్నది ఉంటే వాడుకోండి. లేకపోతే అప్పుడు క్రియావిశేషణం వైపు నుంచి చూడండి. రెండు వైపులా కనిపించకపోతే ఆ జంటను వదిలేయడం మేలు. డిస్పేరింగ్లీ లాంటి అరుదైన మాటకు స్కెచ్ పలుచగా వస్తుంది, నాలుగు క్రియలు దొరికితే అదే ఎక్కువ. సాధనం లోపంగా దాన్ని చూడనక్కర్లేదు. ఆ మాట అంత తక్కువగా వాడతారన్న సమాచారం కూడా మనకు పనికొచ్చేదే. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. వాక్యాలను యంత్రం ఏరుతుంది కాబట్టి మధ్యమధ్య తప్పుల తడక వాక్యాలు కూడా తగులుతాయి. ఒక్క వాక్యం చూసి నిర్ణయానికి రావొద్దు.

ఏ మాట పక్కన ఏ మాట కుదురుతుందో చెప్పే ఆక్స్‌ఫర్డ్ కొలొకేషన్స్ డిక్షనరీ అచ్చు పుస్తకం చేతిలో ఉన్నవాళ్లు తరచూ ఫిర్యాదు చేసేది, అందులో డెస్పరేట్లీ లేదని. ఉంది, కానీ ఆ పేరుతో వెతికితే దొరకదు. ఆ పుస్తకంలో శీర్షికలు నామవాచకాలు, క్రియలు, విశేషణాలు మాత్రమే. నీడ్ దగ్గరికి వెళ్లి, దాని కింద క్రియావిశేషణాల వరుస చూడాలి. అలాగే లాస్ట్ దగ్గర హోప్‌లెస్లీ. వెతికే దిక్కు తెలిస్తే మంచి పుస్తకం.

గూగుల్ ఎన్‌గ్రామ్ వ్యూయర్‌ను తీర్పరిలాగా వాడొచ్చు. "డెస్పరేట్లీ ఇల్", "హోప్‌లెస్లీ ఇల్" అనే రెండు జంటలను కామాతో విడదీసి కొడితే పుస్తకాల్లో ఏది ఎంత వాడారో గీతలుగా వస్తుంది. హోప్‌లెస్లీ తర్వాత ఖాళీ వదిలి నక్షత్రం గుర్తు పెడితే దాని పక్కన ఎక్కువగా వచ్చే పది మాటలు చూపిస్తుంది. వరుసగా ఐదు మాటలకు మించి వెతకనివ్వదు. 40 పుస్తకాల్లోనైనా లేని పదబంధానికి గీతే రాదు. ఇక్కడ పడే గొయ్యి ఏమిటంటే ఇదంతా పుస్తకాల భాష, అందులో పాత కథలూ నవలలూ ఉంటాయి. డిస్పేరింగ్లీ గీత చూసి ఆఫీసు ఈమెయిల్లో పెడితే నాటకంలో సంభాషణలా ఉంటుంది. ఈమెయిల్లో సమస్య గురించి చెప్పాలంటే "వి ఆర్ డెస్పరేట్లీ షార్ట్ ఆఫ్ టైమ్" దాకా చాలు.

మాట కొట్టగానే వందల వాక్యాలు గుమ్మరించే ఉదాహరణల సైట్లు కొల్లలు. పేర్లు అనవసరం, అన్నిటి గుణమూ ఒకటే. ఎవరు రాశారో, ఎప్పటిదో చెప్పవు. మూడు అర్థాల వాక్యాలను ఒకే కుప్పలో పోస్తాయి. కాపీరైటు పోయిన పాత నవలల్లోంచి లాగిన వాక్యాల్లో ప్రతి పాత్రా "క్రైడ్ డిస్పేరింగ్లీ" అంటూ ఉంటుంది. ఇప్పటి రచనలో అలాంటి తోక ప్రతి సంభాషణకూ తగిలిస్తే చదివేవాడు విసుక్కుంటాడు. పైగా చాలాచోట్ల క్రియావిశేషణం కంటే "ఇన్ డిస్పేర్" అనే పదబంధమే సహజంగా ఉంటుంది. "షీ త్రూ అప్ హర్ హ్యాండ్స్ ఇన్ డిస్పేర్" అన్నది స్థిరపడిన నానుడి. దాని బదులు డిస్పేరింగ్లీ పెడితే తప్పు కాదు గానీ పేలవంగా ఉంటుంది. ఈ సంగతి ఆ కుప్పల్లో ఎప్పటికీ తేలదు.

వ్యాకరణం దిద్దే ప్లగిన్లను ఈ పరీక్షకు పెడితే స్పెల్లింగ్ తప్పు పట్టుకుంటాయి. "హీ ఓపెన్డ్ డెస్పరేట్లీ ద డోర్" లాగా క్రియకూ కర్మకూ మధ్య క్రియావిశేషణం దూరితే సర్దమని చెప్పే అవకాశం ఉంది. సర్దడం తేలికే: "హీ డెస్పరేట్లీ ఓపెన్డ్ ద డోర్" అనో, చివర పెట్టో రాసుకోవచ్చు. అవి వదిలేసేది ఇంతకంటే పెద్ద తప్పును. "డెస్పరేట్లీ, ద బస్ హ్యాడ్ లెఫ్ట్" అని రాస్తే వ్యాకరణం పరంగా ఏ లోపమూ కనబడదు. కానీ అక్కడ ఆరాటపడుతున్నది బస్సు అయిపోయింది. 'పాపం, దురదృష్టవశాత్తు' అనే భావానికి "అన్‌ఫార్చునేట్లీ" ఉంది. హోప్‌ఫుల్లీ వాక్యం మొదట్లో మొత్తం వాక్యానికి వర్తించేలా వస్తుంది కదా అని హోప్‌లెస్లీని కూడా అలాగే పెట్టేవాళ్లున్నారు. ఆ వాడుక దానికి లేదు. ఈ మూడూ వాక్యం మొదట రావాలంటే కర్త ఆ నిరాశో ఆరాటమో పడుతున్న మనిషే కావాలి: "డెస్పరేట్లీ, షీ డయల్డ్ ద నంబర్ అగైన్."

నాట్ చేరినప్పుడు కూడా ప్లగిన్లు మౌనంగానే ఉంటాయి. "ఐ డోంట్ డెస్పరేట్లీ నీడ్ ఇట్" అంటే 'నాకు అస్సలు అక్కర్లేదు' అని కాదు, 'ఉంటే సరే, అంత అర్జెంటేం కాదు' అని. దీనికి ఆక్స్‌ఫర్డ్, లాంగ్‌మన్‌ల దగ్గరా నేరుగా జవాబు దొరక్కపోవచ్చు. స్కెల్‌లో "డోంట్ డెస్పరేట్లీ" అని రెండు మాటలూ కలిపి కొట్టి, వచ్చిన వాక్యాలు చదవడమే మార్గం.

ఉచ్చారణకు యూగ్లిష్ ఉంది. మాట కొడితే అది పలికిన వీడియోలను ఆ క్షణం నుంచే వినిపిస్తుంది. డెస్పరేట్లీలో ఊనిక మొదటి అక్షరం మీద, డిస్పేరింగ్లీలో 'స్పే' మీద. డెస్పరేట్లీ చివర మనం సాగదీసి 'రేట్లీ' అంటాం, వాళ్లు 'రట్లీ' అని తేల్చేస్తారు. నిఘంటువులోని ఆడియో ఒక్క మాటగా విడిగా ఉంటుంది కాబట్టి, వాక్యం మధ్యలో ఆ అక్షరం ఎంత మింగుడు పడిపోతుందో అందులో తెలియదు. నాలుగైదు వీడియోలు వింటే తెలుస్తుంది.